చెక్కకు కట్టిన చెయ్యి

అక్టోబరు 6, సోమవారం

తిరుపతిరావు గారి మీద అరిచాను. ఓపీలో, అందరి ముందూ. పేషెంట్లు వేళ్లు వంచడం ఆపి మరీ చూశారు.

అరవడం తప్పే. ఆయన అన్నది ఇంకా పెద్ద తప్పు. కాబట్టి చెల్లుకు చెల్లు.

మా సిస్టర్ల ఆసుపత్రికి వందేళ్లు నిండుతున్నాయని నవంబరులో ఎగ్జిబిషన్ పెడుతున్నారు. తిరుపతిరావు గారు పాత స్టోర్‌రూములోంచి ఒక చెక్కపెట్టె మోయించుకొచ్చి నా ఫిజియోథెరపీ గదిలో, సరిగ్గా పేషెంట్లు కాళ్లు పెట్టుకునే చోట దింపించారు. "మేడమ్, ఇవన్నీ మీ డిపార్ట్‌మెంటువే. పాతకాలం కట్లు. తుడిచి టేబుల్ మీద అందంగా సర్దండి. రాతలు నేను చూసుకుంటాను" అన్నారు. మేనేజరు కదా, రాతలన్నీ ఆయనవి. తుడవడం మనది.

పెట్టె తెరిచాను. పైన వెదురు బద్దలు, గుడ్డ పట్టీలతో జతలు జతలుగా. వాటి కింద రేకువి, సగానికి చీల్చిన గొట్టంలా ఉన్నవి, ముంజేతికి కట్టేవి. నిచ్చెనలా అల్లిన ఇనప తీగ ఒకటి, ఎటు వంచితే అటు వంగుతుంది. వేళ్లకి రబ్బర్లు తగిలించి లాగే తీగ చట్రం ఒకటి, దాన్ని చూస్తే ఇప్పటి కుర్ర డాక్టర్లు ఏదో వంటసామాను అనుకుంటారు. అన్నిటికన్నా అడుగున చెక్కలు. అరచెయ్యి ఆకారంలో, ఐదు వేళ్లూ చాపి పెట్టినట్టు కోసిన చదునైన చెక్కలు. పెద్దవీ ఉన్నాయి, చిన్నవీ ఉన్నాయి.

చిన్నది తీసి చూశాను. తొమ్మిదేళ్ల పిల్లాడి చెయ్యి సరిపోతుంది.

సరిగ్గా అప్పుడు తిరుపతిరావు గారు "క్యూట్‌గా ఉంది కదా మేడమ్" అన్నారు. అందుకే అరిచాను.

అక్టోబరు 7

ఆసుపత్రి నడిపే మదర్ గారు పిలిపించారు. "కృపా, కోపం వచ్చినప్పుడు కాగితం మీద రాసుకో. రాసేసి చించెయ్యి. మనసు తేలికపడుతుంది."

రాస్తున్నాను. చించను.

అక్టోబరు 9

నాన్న కుడిచెయ్యి గురించి ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. రోజూ ఇంట్లో కళ్లముందు ఉండేదాని గురించి ఏం రాస్తాం?

తొమ్మిదేళ్లప్పుడు ఎడ్లబండి చక్రం కింద పడింది. అరచేతిలో ఎముకలు విరిగాయి. ఇదే ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఇలాంటి చెక్కకే వేళ్లు చాపి కట్టారు. కట్టు విప్పాక బొటనవేలు కాస్త కదిలింది. మిగతా నాలుగూ చాపింది చాపినట్టే ఉండిపోయాయి. అరవై ఏళ్లు దాటిపోయింది. ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

కొడవలి పట్టలేదు. రైల్వేలో గ్యాంగ్‌మన్ పనికి వెళితే మెడికల్‌లో తీసేశారు. బతుకంతా రైసుమిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా గడిచిపోయింది. ఎడమచేత్తో స్పూను పట్టుకుని తింటాడు. పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చోడు. "ఇంట్లో తినే వచ్చాం" అంటాడు, ప్రతి పెళ్లిలోనూ అదే మాట. నా చిన్నప్పుడు ఒకసారి బలవంతంగా కూర్చోబెడితే, ఎదురు వరసలో ఎవరో "ఆ ఎడమచేత్తో తినటమేంట్రా" అన్నారు. నాన్న లేచి చెయ్యి కడుక్కున్నాడు. విస్తరిలో గారె అలాగే ఉంది. నేనూ లేచాను. అన్నవాడి మొహం ఇప్పటికీ గుర్తుంది. ఎక్కడైనా కనపడితే వదలను.

ఫిజియోథెరపీ రెండో ఏడు చదువుతున్నప్పుడు సారు బోర్డు మీద చెయ్యి బొమ్మ గీసి చెప్పారు. చెయ్యి విరిగితే వేళ్లు చాపి కట్టకూడదు, గ్లాసు పట్టుకున్నట్టు మెటికల దగ్గర వంచి కట్టాలి, చాపి కడితే కీళ్లు బిగిసిపోయి పిడికిలి పడదు అని. అందరూ నోట్సు రాసుకున్నారు. నేను రాసుకోలేదు. నాకు ఆ పాఠం పుట్టినప్పటినుంచీ తెలుసు.

అందుకే చేతుల పని నేర్చుకున్నాను. అందుకే ఈ ఆసుపత్రిలోనే చేరాను. రోజంతా ఊళ్లోవాళ్ల వేళ్లు వంచి ఇంటికి వచ్చేసరికి ఆయన స్పూనుతో పెరుగన్నం తింటూ ఉంటాడు.

అక్టోబరు 13

రాతలు వచ్చాయి. తిరుపతిరావు గారి కవిత్వం. చెక్కల పక్కన పెట్టాల్సింది ఇదట: "ప్రేమతో కట్టిన కట్టు. ఆనాటి కరుణామయ సేవకు మౌన సాక్ష్యం."

నా సాక్ష్యం మౌనంగా లేదు, భవానీపురంలో మా ఇంట్లో టీవీ చూస్తోంది.

నేను ఇలా రాసి ఇచ్చాను: "విరిగిన చేతిని ఈ చెక్క మీద వేళ్లు చాపి కట్టేవారు. కీళ్లు బిగుసుకుపోయి, ఆ వేళ్లు మళ్ళీ ముడుచుకునేవి కావు. ఇలా చాలామంది చేతులు పాడైపోయాయి." ఆయన చదివి, కళ్లజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివారు.

"మేడమ్, పండగ పూట ఇదేంటండీ?"

"నిజమండీ."

"నిజమే కావచ్చండీ. పుట్టినరోజు నాడు పెద్దావిడని కూర్చోబెట్టి, నీ వంటలో ఉప్పెక్కువ అని చెప్తామా?"

"ఉప్పు కాదండీ, చేతులు పోయాయి."

ఆయన చెడ్డవాడు కాదు. అదే ఇబ్బంది. చెడ్డవాడైతే హాయిగా ఉండేది.

అక్టోబరు 14

నా రాత కొట్టేశారు.

అక్టోబరు 17

ఇంటికి వచ్చేసరికి నాన్న తెల్లచొక్కా బయటకు తీసి, ఎడమచేత్తో ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఎందుకంటే సిగ్గుపడుతూ చెప్పాడు. తిరుపతిరావు గారు ఫోన్ చేశారట. పాతకాలం పేషెంటు ఒకరి చేత ఎగ్జిబిషన్ ప్రారంభం చేయించాలని, రికార్డుల్లో దొరికినవాళ్లలో ఎవరూ మిగల్లేదని, మీ అమ్మాయి మా దగ్గరే పని చేస్తోంది కదా, మీరైతే బాగుంటుందని. నాన్న పేరు ఫ్లెక్సీ మీద వేస్తారట. శ్రీ అంతోని గారు, బాల్యంలో మన ఆసుపత్రిలో చికిత్స పొందినవారు.

"ఇంకా నెలకి పైగా ఉంది నాన్నా, ఇప్పటినుంచే ఇస్త్రీ ఏంటి?"

"ముడత పోద్దో లేదో చూస్తన్నాలేమ్మా."

"నువ్వు వెళ్లవు."

"ఎందుకెళ్లను? పిలిచారుగా."

"నీ చెయ్యి పాడుచేసినవాళ్లు నిన్ను పిలిచి దండేస్తే వేయించుకుంటావా? నీకు కోపం రాదా అసలు?"

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. "పోనీలేమ్మా, ఆ కాలం అట్టాంటిది" అని చొక్కా అటు తిప్పాడు. ఈ పోనీలే అనే మాటని తెలుగులోంచి తీసెయ్యాలి.

కాసేపటికి తనే అడిగాడు, "ఇంతకీ ఆ మేనేజరుని నువ్వేమన్నావు?" అన్నీ చెప్పాను. చెక్క, క్యూట్, ఉప్పు, అంతా. ఇంకా ఏమన్నావు, ఇంకా ఏమన్నావు అని అడుగుతూనే ఉన్నాడు. మా ఆయన జాన్‌బాబు "మామయ్యగారూ, ఎగదొయ్యకండి, రేపు నాకు మదర్ గారు ఫోన్ చేస్తారు" అన్నాడు. ముగ్గురం నవ్వాం. నాకు మాత్రం లోపల మండుతూనే ఉంది.

అక్టోబరు 21

గెలిచాను.

మదర్ గారి గదికి వెళ్లి చెప్పేశాను. నా రాత ఉంటే మా నాన్న వస్తారు. నా రాత లేకపోతే మా నాన్న రారు. ఫ్లెక్సీ ప్రింటుకి వెళ్లిపోయింది, బిషప్ గారికి కూడా అంతోని గారి గురించి చెప్పేశారు. మదర్ గారు చాలాసేపు బల్ల మీద వేలితో తడుతూ ఉన్నారు. చివరికి "మీ నాన్నగారి చెయ్యి నేను చూశాను కృపా. సరే, నీ మాటే ఉండనీ" అన్నారు. క్షమించమని కూడా అన్నారు, ఆసుపత్రి తరఫున. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడవలేదు.

నాన్నని బేరంలో పెట్టాను అనిపించింది, బస్సులో. కానీ ఎవరి కోసం పెట్టాను? ఆయన కోసమే.

నాన్నకి చెబితే పెద్దగా ఏమీ అనలేదు. "అట్టా రాశావా" అన్నాడు. "మా నాన్న అని రాశావా?" లేదన్నాను. "ఆసుపత్రి పేరు రాశావా?" రాయలేదు నాన్నా, చెక్క గురించి రాశాను అన్నాను. తలూపి టీవీ పెట్టుకున్నాడు.

అక్టోబరు 28

తుఫాను. ఓపీ లేదు, కరెంటు లేదు. నాన్న కిటికీ దగ్గర కూర్చుని గాలి చూస్తున్నాడు. వానొస్తే చెయ్యి సలుపుతుంది. కొబ్బరినూనె రాశాను. వంచబోతే "వద్దులే, దాని మానాన దాన్ని ఉండనీ" అన్నాడు.

నవంబరు 2, ఆదివారం

సమాధుల పండగ. ఊరికి వెళ్లాం, గన్నవరం దాటాక మా ఊరు. నాయనమ్మ సమాధి మీద గడ్డి పీకి, సున్నం వేయించి, బంతిపూల దండ వేశాం. మా మేనత్త తెరేసమ్మ అప్పటికే అక్కడ ఉంది. ఫాదర్ గారు ఒక్కో సమాధి మీద తీర్థం చల్లుకుంటూ వస్తున్నారు. నాన్న కొవ్వొత్తి వెలిగించి, రెండు తిన్నని వేళ్ల మధ్య ఇరికించి పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

నేను అత్త పక్కన కూర్చుని నా గొప్పలు చెబుతున్నాను. మదర్ గారి చేత క్షమించమని ఎలా అనిపించానో చెప్పాను. అత్త పువ్వులు తుంచుతూ వింది.

"ఆళ్లెందుకే క్షమాపణ చెప్పటం? మూడు వారాలకి తీసుకురమ్మన్నారుగా. మనమే తీసుకెళ్లలా."

"తీసుకెళ్లకపోవడమేంటత్తా?"

"మీ నాయనమ్మ మొక్కుకుందిగా. గుణదల తిరునాళ్లలో కొండ మీద, మేరీమాత ముందు విప్పుతానని. ఆసుపత్రోళ్లు ముందే విప్పేస్తే మొక్కు చెడిపోద్దని తీసుకెళ్లనియ్యలా."

"తిరునాళ్లు ఫిబ్రవరిలో కదా!"

"మరి? దీపావళి ముందు కట్టు కట్టారు. తిరునాళ్లకి కొండెక్కి విప్పాం. చెక్క అక్కడ పెట్టి దణ్ణం పెట్టుకొచ్చాం. చెయ్యి చాపింది చాపినట్టే ఉంది. వంగుద్దిలే అనుకున్నాం. నీకు తెలీదా ఏంటే? అందరికీ తెలుసనుకున్నానే."

అత్త ఆపలేదు. పాత సంగతి చెప్పడంలో ఉండే సంతోషం ఆమెది.

"ఆసుపత్రి నుంచి నర్సమ్మ కూడా వచ్చింది. జీవరత్నమ్మ అని, సన్నగా ఉండేది. బస్సు దిగి, పొలంగట్ల మీద నడుచుకుంటా రెండుసార్లొచ్చింది. పిల్లాడ్ని పంపండి, చెయ్యి పోద్ది అని ఒకటే పోరు. రెండోసారి వస్తంటే చూసి మీ నాయనమ్మ మీ నాన్నని గడ్డివామెనక కూచోబెట్టింది. అమ్మమ్మగారి ఊరెళ్లాడని చెప్పమంది. నేనే చెప్పా. నాకప్పుడు పద్నాలుగేళ్లు."

"నాన్నకి తెలుసా?"

"ఎందుకు తెలీదు? గడ్డివామెనక ఉంది వాడేగా."

ఫాదర్ గారు మా దగ్గరకు వచ్చారు. లేచి నిలబడ్డాం. తీర్థం మొహం మీద పడింది.

నవంబరు 3

ఏం రాయాలో తెలియడం లేదు.

నవంబరు 5

నా రాత మళ్ళీ చదువుకున్నాను. ఒక్కో వాక్యం విడిగా చదివాను. చాపి కట్టేవారు, నిజం. కీళ్లు బిగుసుకుపోయేవి, నిజం. చాలామంది చేతులు పాడైపోయాయి, నిజం. ఇందులో అబద్ధం ఎక్కడుంది? మా నాన్న అని ఎక్కడా రాయలేదు. ఫ్లెక్సీ మీద నాన్న ఫోటో వేసి దాన్ని సరిగ్గా ఆ టేబుల్ వెనకే కడుతున్నారు, అది తిరుపతిరావు గారి నిర్ణయం. దానికి నేనేం చేస్తాను?

మూడు వారాలకి విప్పి కదిపి ఉంటే ఆ చెయ్యి చాలావరకు వచ్చేది. చదునుచెక్క మీద కట్టినా వచ్చేది. రోజూ చేసే పని ఇదే, నాకు తెలియదా? తెలుసు. రాసుకున్నాను, అయిపోయింది.

అయినా చెక్క తప్పు చెక్కదే. రాత ఉంటుంది.

నాయనమ్మ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రావడం లేదు. చెంగు కొసన మరమరాలు ముడేసి నా కోసం దాచేది, అదే గుర్తొస్తోంది. కొడుకుని దాచినావిడా ఆవిడేనా? కోపం ఎక్కడ పెట్టాలో తెలియక మంచినీళ్ల చెంబు విసిరికొట్టాను. సొట్టపడింది. జాన్‌బాబు చెంబు తీసి, చూసి, ఏమీ అడక్కుండా గూట్లో పెట్టాడు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో.

నాన్న ఏమీ చెప్పడం లేదు. నేనూ అడగడం లేదు. ఇవాళ కూడా "ఏమన్నావు ఆ మేనేజరుని" అని అడిగాడు. ఏమీ అనలేదు అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది.

నవంబరు 10

రాతలు ప్రింటయి వచ్చాయి. తిరుపతిరావు గారు స్వయంగా తెచ్చి ఇచ్చారు. "మీరే గెలిచారు మేడమ్. నిజం చెప్పాలంటే, చదివాక నాకు కూడా మనసు అదోలా అయింది. మా బామ్మర్ది చెయ్యి కూడా అంతే" అన్నారు. మంచిగా మాట్లాడేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

వెళ్తూ ఇంకో మాట చెప్పారు. పాత నర్సుల్లో ఒకావిడ బతికే ఉన్నారట. గవర్నర్‌పేటలో కూతురి దగ్గర ఉంటున్నారట. పేరు జీవరత్నం. ఆవిడని కూడా పిలుస్తున్నారట.

"పెద్దావిడ కదండీ, అంత జనంలో ఎందుకు ఇబ్బంది పెట్టడం? ఇంటికే వెళ్లి శాలువా కప్పి వస్తే సరిపోతుంది కదా" అన్నాను.

ఆవిడ ఆరోగ్యం గురించే అన్నాను.

నవంబరు 19

వస్తున్నారట. ఎంత సంతోషపడ్డారో మేడమ్, అన్నారు తిరుపతిరావు గారు.

నవంబరు 22, శనివారం

వరసగా రాస్తాను. లేకపోతే రాయలేను.

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రిబ్బను కట్టారు, పళ్లెంలో కత్తెర తెచ్చి ఆయన కుడివైపు పట్టుకున్నారు. చేతులు పాడైపోయాయి అని బోర్డు పెట్టిన ఎగ్జిబిషన్‌లో, ఆ చెయ్యి ఉన్న మనిషికి కత్తెర! నాన్న ఎడమచేత్తో తీసుకున్నాడు. కుడిచేతివాళ్ల కత్తెర, తెగలేదు. రిబ్బను నమిలినట్టయింది. చప్పట్లు మొదలుపెట్టినవాళ్లు ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి బిషప్ గారు పట్టుకుని సాయం చేశారు. నేను తిరుపతిరావు గారి వైపు చూసిన చూపుకి ఆయన స్తంభం చాటుకి వెళ్లిపోయారు.

జీవరత్నం గారు కర్ర పట్టుకుని, కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని వచ్చారు. తెల్లచీర, తెల్లజుట్టు. వెదురు బద్దలు చూసి నవ్వారు. తీగ చట్రం చూసి "అబ్బో, దీన్ని పెట్టించుకున్నవాళ్లు మమ్మల్ని శాపనార్థాలు పెట్టేవాళ్లు" అన్నారు. నా టేబుల్ దగ్గరకు వచ్చారు. కళ్లజోడు పెట్టుకున్నారు. నేను రాసింది ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివారు. చదవడం అయిపోయాక కూడా వేలు తియ్యలేదు.

తలెత్తి ఫ్లెక్సీ చూశారు. ఆ ఫోటోలో మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఏ ఊరు నాయనా నీది?"

నాన్న చెప్పాడు.

"బండి చక్రం కింద పడ్డ పిల్లాడివి కదూ? అంతోని. మీ ఊరొచ్చాను నేను."

"అవునమ్మా."

కర్ర కూతురికి ఇచ్చేసి, నాన్న కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నారు. మెటికల దగ్గర బొటనవేళ్లు పెట్టి వంచి చూశారు, నేను రోజూ పేషెంట్లకి చేసినట్టే. వంగలేదు. ఇంకోసారి చూశారు.

"రెండుసార్లొచ్చాను నాయనా. ఊళ్లో లేవన్నారు. మూడోసారి రావాల్సింది. డ్యూటీలని, దూరమని ఊరుకున్నాను. ఇక్కడ రాశారు చూడు, చేతులు పాడైపోయాయని. నిజమే రాశారు. నన్ను క్షమించు."

చుట్టూ ఫోన్లు లేచాయి. మదర్ గారు కళ్లు ఒత్తుకున్నారు. అందరికీ అదేదో పుణ్యకార్యంలా ఉంది. నేను బోర్డు పక్కనే ఉన్నాను, చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఒక్కమాట చాలు. కాదండీ, మీరు మూడు వారాలకే రమ్మన్నారు, మేమే రాలేదు. అంతే. నోరు తెరవలేదు. సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఆవిడ మీద. మీరెందుకొచ్చారు, మీరెందుకు క్షమాపణ చెప్తున్నారు అని. ఎంత నీచమైన కోపం అది!

నాన్న నా వైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. నాకు తెలుసని ఆయనకి తెలిసిపోయింది.

"నేను ఊళ్లోనే ఉన్నానమ్మా" అన్నాడు, అందరికీ వినపడేట్టు. "మా అమ్మ దాచింది. గుణదల మొక్కుందని. గడ్డివామెనక కూచున్నా. మీరు మా అక్కతో మాట్లాడతంటే మీ గొంతు వినపడతానే ఉంది. పిల్లాడి చెయ్యి పోద్దమ్మా అన్నారు మీరు. విన్నా. మీ తప్పేం లేదమ్మా."

ఫోన్లు కిందికి దిగాయి. జీవరత్నం గారు నాన్న చెయ్యి వదల్లేదు. "వినపడిందా?" అన్నారు. "వినపడిందమ్మా" అన్నాడు. ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

నా రాత నేనే తీసేశాను. ఇప్పుడేం రాద్దాం మేడమ్, అన్నారు తిరుపతిరావు గారు, నెమ్మదిగా. ఆయనకి అప్పుడు కూడా నన్ను దెప్పాలనిపించలేదు. తెలియదండీ అన్నాను. చెక్కలు ఏ రాతా లేకుండా ఉన్నాయి.



నవంబరు 23, ఆదివారం

పూజ నుంచి వచ్చాక నాన్న ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఎందుకు చెప్పలేదు? ఇన్ని వారాలు మేనేజరుతో తగువు, మదర్‌తో తగువు. నిన్ను అడ్డం పెట్టుకుని బేరం చేశాను. పెద్దావిడ చేత క్షమాపణ చెప్పించాను. మొదటిరోజే ఒక్కమాట చెబితే ఇదంతా ఉండేదా? నాయనమ్మ మీద మాట పడకూడదనా?"

"అదీ ఉంది" అన్నాడు.

"ఇంకేముంది?"

ఆ చెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఈ చెయ్యి చూసి అందరూ జాలిపడ్డారమ్మా. మీ అమ్మ ఏడిచింది. మిల్లు ఓనరు జాలిపడి పని ఇచ్చాడు. పెళ్లిళ్లలో జాలిపడి స్పూను తెచ్చిస్తారు. కోపం మాత్రం ఎవరికీ రాలా. నాకూ రాలా. అమ్మ మీద ఎట్టా వస్తది? నువ్వు రోజూ ఇంటికొచ్చి ఈ చెయ్యి కోసం ఎవళ్లనో ఒకళ్లని తిడతన్నావు. నాకు బాగుంది. నిజం చెబితే ఆపేస్తావని చెప్పలా."

ఇంత బతుకు బతికి, ఆయనకి కావలసింది ఇదా! ఎవరైనా ఒక్కరు, ఆయన తరఫున, గట్టిగా ఒక కేక వెయ్యడమా!

"మరి ఆరోజు నువ్వెందుకు కేక వెయ్యలేదు? గడ్డివాము వెనక నుంచి ఒక్కమాట పలికితే చెయ్యి దక్కేది కదా నాన్నా."

"మాట్లాడకు నాన్నా అంది అమ్మ. మాట్లాడలా."

నిన్న నన్ను ఎవరూ మాట్లాడవద్దనలేదు. అది ఆయనతో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

"ఇప్పుడీ కోపమంతా నేను ఎవరి మీద పెట్టుకోను?" అన్నాను. మాటవరసకి కాదు, నిజంగానే అడిగాను.

"నా మీద పెట్టుకో. నేనిక్కడే ఉన్నాగా."

పెట్టుకున్నాను. నోటికొచ్చినట్టల్లా అన్నాను. పోనీలే అన్న ప్రతిసారికీ, తినే వచ్చాం అన్న ప్రతి పెళ్లికీ, మిల్లు గేటు దగ్గర కూర్చున్న అన్నేళ్లకీ. గొంతు పోయేదాకా అరిచాను. జాన్‌బాబు వంటింట్లోంచి వచ్చి, చూసి, మళ్ళీ లోపలికి వెళ్లాడు. నాన్న కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోకుండా, కదలకుండా విన్నాడు.

నేను ఆగాక అడిగాడు, "ఇంకా ఉందా?"

ఉంది అన్నాను.